మేనకోడలి ప్రశ్న: వంశానుగతమగు రొమ్ము క్యాన్సరును గుఱించిన పాఠము



గడచిన వర్షాకాలమున ఒకనాడు జీవశాస్త్ర పాఠము ముగిసిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నా బల్లయొద్దకు వచ్చి మెల్లగా నిట్లడిగెను: "మాస్టరుగారూ, మా మేనత్తకు నలువది యేండ్లయినను నిండలేదు; రొమ్ము క్యాన్సరు వచ్చినది. మా నాయనమ్మయు నడివయసుననే ఆ వ్యాధితో పోయినదట. వాగు నీటివలన వచ్చినదని మా వీధివారందురు. మా అమ్మయేమో 'నా పుట్టింట నెవ్వరికిని ఈ రోగము లేదు, నీకేమి భయము' అనుచున్నది. మా నాన్నగారు ఈ మాట బయట ఎవ్వరితోను అనవద్దనుచున్నారు. ఇందులో ఏది నిజము?"

అంతలో గంట మ్రోగెను. నేను పూర్తిగా బదులు చెప్పజాలనైతిని. ఆ ప్రశ్నకు ఉత్తరము ఆ బాలికకే గాక మనలో ననేకులకు కావలసినది గనుక, ఎవ్వరి పేరును చెప్పక, ఈ సంచికలో వ్రాయుచున్నాను. పెద్దలు పిల్లలకు చదివి వినిపింపవలెనని నా మనవి.

1. వాగు నీరా, వంశమా?

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములలోని కర్మాగారముల మురికినీటిచే నక్కవాగు పాడైనదనుట అసత్యము కాదు. ఆ వాగు మంజీరలో కలియును. ఈ విషయమై 1990లోనే వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. కావున మనవారు ప్రతి రోగమును వాగునకు ముడిపెట్టుటలో ఆశ్చర్యము లేదు.

అయినను ఒక భేదమును గ్రహింపవలెను. రొమ్ము క్యాన్సరు వచ్చిన నూఱుగురిలో సుమారు తొంబదిమందికి పైగా, ఆ వ్యాధికి మూలమగు లోపములు జీవితకాలమున, వయసు ముదిరినకొలది, శరీరములో క్రమముగా చేరినవే. అయిదుగురు మొదలు పదిమందివఱకు మాత్రము పుట్టుకతోనే ఒక లోపమును తలిదండ్రులలో నొకరినుండి పొందియుందురు. ఈ రెండవ రకమునకు కొన్ని గుర్తులున్నవి: ఒకే వంశమున పలువురికి వచ్చుట, ఏబదియేండ్లు నిండకమునుపే వచ్చుట, రెండు రొమ్ములకును వచ్చుట, అదే వంశమున అండాశయ క్యాన్సరు కూడ కనబడుట, పురుషునకు రొమ్ము క్యాన్సరు వచ్చుట. మన బాలిక యింట తల్లికిని కుమార్తెకును, ఇరువురకును ముదిమికి ముందే వచ్చినది. ఇది విచారింపదగిన గుర్తు.

నీటిమీది ఫిర్యాదును నీటివిషయమున చేయవలసినదే. గాని ఇట్టి యింటివారు "అంతయు వాగువలననే" యని ఊరకున్నచో, పరీక్షింపదగిన రక్తము పరీక్షింపబడకయే పోవును.

2. గింజలోని వ్రాత

మనకు సమీపముననే, పటాన్‌చెరులో, 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ యున్నది. అందు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగు పంటల విత్తనములు లక్షకు పైగా రకములు చల్లని గదులలో భద్రపఱచియున్నారు. ఆ గింజలను ఏల దాచిరి? ఏ గింజ తెగులునకు లొంగునో, ఏది నిలుచునో ఆ వ్రాత గింజలోనే యున్నది గనుక. విత్తినవాని పాపపుణ్యములతో ఆ వ్రాతకు సంబంధము లేదు.

మనుష్యదేహమును ఇట్టిదే. దేహమందలి ప్రతి జీవకణమునందును సామాన్యముగా నలుబదియాఱు క్రోమోసోములుండును: ఇరువదిమూడు తండ్రివి, ఇరువదిమూడు తల్లివి. ప్రతి క్రోమోసోమును డి.ఎన్.ఏ. అను రెండు పేటల త్రాడు. ఆ త్రాటిపై నాలుగే అక్షరములతో వ్రాయబడిన ఒక్కొక్క ఆజ్ఞను జన్యువందురు. తండ్రి ప్రతి యొకటి, తల్లి ప్రతి యొకటి చొప్పున దాదాపు ప్రతి జన్యువునకును మనయొద్ద రెండు ప్రతులుండును. జన్యువులోని అక్షరములను కణము మూడేసి చొప్పున చదువుకొని, దాని ప్రకారము మాంసకృత్తును కూర్చును.

ఈ మూడేసి చొప్పున చదువుటలోనే ప్రమాదము కలదు. "కమల పడవ నడప గలదు" అను వాక్యమును చూడుడు. మూడేసి అక్షరములకు అర్థమున్నది. మొదటి మాటలోని చివరి రెండక్షరములను తీసివేసి, మిగిలినవానిని మఱల మూడేసిగా చదువుడు: "కపడ వనడ పగల దు". పోయినవి రెండే అక్షరములు; చెడినది వాక్యమంతయు.

3. చినిగిన పుటను వ్రాయు లేఖరి

ఫ్రెంచి దేశపు శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా తన భార్య వంశమున తరతరములుగా స్త్రీలకు రొమ్ము క్యాన్సరు వచ్చుటను 1866లోనే గ్రంథస్థము చేసెను. అయినను కారణము చిక్కుటకు నూటయిరువది యేండ్లకు పైగా పట్టినది. అమెరికా శాస్త్రజ్ఞురాలు మేరీ క్లేర్ కింగ్ ఇరువదిమూడు కుటుంబములను పరీక్షించి, దోషము పదునేడవ క్రోమోసోముపై నున్నదని 1990లో చూపెను. 1994లో ఆ జన్యువు దొరకినది, దానికి బి.ఆర్.సి.ఏ. 1 అని పేరు. మఱుసటి సంవత్సరము పదమూడవ క్రోమోసోముపై బి.ఆర్.సి.ఏ. 2 దొరకినది.

ఈ జన్యువుల పేరు విని, ఇవి క్యాన్సరును కలిగించుటకే పుట్టినవని కొందఱు భ్రమపడుదురు. ఇవి క్యాన్సరును నివారించునవి. ఇవి చెడినప్పుడే ఆపద. వీని పని యేమో పహణీ పుస్తకము దృష్టాంతముగా చెప్పెదను. ఒక గ్రామపు పహణీలో పుట నిలువున చినిగినదనుకొనుడు. మంచి లేఖరి తహసీలు కచ్చేరికి పోయి, అందలి నకలును చూచి, ఒక్క సర్వే నంబరైనను తప్పిపోకుండ మఱల వ్రాయును. లేఖరి లేనిచో తొందరపాటు మనిషి చినిగిన అంచులను కత్తిరించి జిగురుతో నంటించును. పుట అతుకుకొనును, గాని అంచుననున్న పేర్లు పోవును, ఒకని పొలము వేఱొకని పేర చేరును.

డి.ఎన్.ఏ. త్రాటి రెండు పేటలును ఒకేచోట తెగుట దినదినము జరుగుచునే యుండును. కణము విభజనకు సిద్ధపడి త్రాటికి నకలు తీసికొన్న వేళ, ఆ నకలును చూచి తెగినదానిని తప్పులేకుండ పూరించు లేఖరుల కూటమిలో ముఖ్యులు ఈ రెండు జన్యువులచే కూర్పబడు మాంసకృత్తులు. బి.ఆర్.సి.ఏ. 1 మాంసకృత్తున 1863 కూర్పులు గలవు; రెండవదానిలో 3418. మొదటి జన్యువున ఒకానొకచోట రెండక్షరములు లోపించుట యూదులలో ప్రసిద్ధము. అదే లోపము దక్షిణ భారత స్త్రీలలోను కనబడుచున్నదని 2009లో ప్రకటింపబడినది. మన కమల పడవ వాక్యమువలె అచ్చటినుండి చదువు తప్పి, 1863 కూర్పులలో నలువదియైనను పూర్తికాకమునుపే మాంసకృత్తు నిలిచిపోవును.

4. స్టెప్నీ లేని లారీ

ఇచ్చట చురుకైన విద్యార్థి ఒక ప్రశ్న వేయును: "పుట్టుకతోనే లోపమున్నచో బాల్యముననే వ్యాధి ఏల రాదు?" ఉత్తరమునకు ముంబాయి రహదారిపై పోవు లారీని చూడుడు. స్టెప్నీ లేకుండ బయలుదేరిన లారీ సంగారెడ్డి దాటి, జహీరాబాదు దాటి చక్కగానే పోవును. చూచువారికి భేదమే తెలియదు. అయితే మార్గమున ఒక చక్రము పగిలినచో స్టెప్నీ గల లారీ సాగును, లేనిది నిలిచిపోవును.

లోపముగల ఒక ప్రతితో పుట్టిన బిడ్డ ఇట్టి లారీ వంటిది. మిగిలిన మంచి ప్రతి తన పనిని తాను చేయును. దేహము ఆరోగ్యముగా పెరుగును. ఏదో యొకనాడు, ఏదో యొక కణములో, ఆ మంచి ప్రతియు చెడును. ఆ కణమునకు లేఖరి లేడు. ఈ రెండు దెబ్బల సిద్ధాంతమును ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ అను వైద్యుడు 1971లో పిల్లల కంటిలో కలుగు కణితిని గుఱించి ప్రతిపాదించెను. రొమ్ము క్యాన్సరునకును అది వర్తించినది. కావున వంశముననుండి వచ్చునది క్యాన్సరు కాదు; స్టెప్నీ లేమి మాత్రమే.

రొమ్మునందే ఏల? అచ్చటి నాళముల కణములు యౌవనారంభమునను, నెలనెలయును, గర్భసమయమునను ఈస్ట్రోజెను మొదలగు హార్మోనుల ప్రేరణచే మఱల మఱల విభజన పొందును. విభజన లెక్కువైనచోట తెగుటలును ఎక్కువ.

5. కణితి యెట్లు పెరుగును?

లేఖరి లేని కణము వెంటనే క్యాన్సరు కాదు. చినిగిన పుటలు ఎక్కువైన కణమును నిలిపివేయుటకో, చంపివేయుటకో పి53 అను కావలివాడొకడున్నాడు. బి.ఆర్.సి.ఏ. 1 లోపముతో కలిగిన కణితులలో మిక్కిలి తఱచుగా ఈ కావలివాడును చెడియుండును. అప్పుడు అడ్డు లేదు. క్రోమోసోములు విఱుగును, ఒకదాని ముక్క వేఱొకదానికి అంటుకొనును, ఒక్కొక్క విభజనలో క్రొత్త తప్పులు చేరును. ఆ తప్పులలో పెరుగుదలకు తోడ్పడునవి నిలుచును.

రెండు జన్యువుల కణితులకును భేదము కలదు. కణితి ముక్కను తీసి వైద్యులు మూడు గ్రాహకములకై చూతురు: ఈస్ట్రోజెను గ్రాహకము, ప్రొజెస్టిరాను గ్రాహకము, హెర్2 అనునది. బి.ఆర్.సి.ఏ. 1 కణితులలో ఎక్కువవానికి ఈ మూడును ఉండవు. అట్టివి వేగముగా పెరుగును. హార్మోనులను అడ్డు మందులకు లొంగవు. బి.ఆర్.సి.ఏ. 2 కణితులలో ఎక్కువవానికి ఈస్ట్రోజెను గ్రాహకము ఉండును. వానికి ఆ మందులు పనిచేయును. కాబట్టి "రొమ్ము క్యాన్సరు" అనునది ఒకే రోగమని తలపరాదు.

6. శత్రువు బలహీనతయే ఆయుధము

క్యాన్సరునకు మందు అన్నప్పుడు తెలుగువాడు తలచుకొనవలసిన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడపిరి. ఫోలిక్ ఆమ్లము లేనిదే కణము క్రొత్త డి.ఎన్.ఏ.ను నిర్మింపజాలదు. ఆ ఆమ్లమునకు ప్రతికూలమగు అమినోప్టెరిను అను మందు ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను. 1948లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలలో దానిచే తాత్కాలికమైన ఉపశమము కలిగెనని ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు పరమపదించిరి. దాని సోదర ఔషధమగు మెథోట్రెక్సేటును మఱి రెండు మందులతో కలిపి శస్త్రచికిత్సానంతరము ఇచ్చినచో రొమ్ము క్యాన్సరు తిరుగబెట్టుట తగ్గునని 1976లో ఇటలీ వైద్యులు చూపిరి.

అయితే ఇట్టి మందులు వేగముగా విభజన పొందు ప్రతి కణమును, మంచిదానిని గూడ, బాధించును. జుట్టు రాలుట, రక్తము తగ్గుట అందుచేతనే. వంశానుగతమగు కణితి విషయమున ఇంకను సూక్ష్మమైన మార్గమొకటి దొరకినది.

త్రాటిలో ఒక్క పేట మాత్రమే తెగినప్పుడు దానిని అతుకు పనికి పార్ప్ అను మాంసకృత్తు తోడ్పడును. ఈ పనిని మందుతో అడ్డగించినచో, తెగిన ఒంటిపేట నకలు తీయు వేళకు రెండు పేటల తెగుటగా మాఱును. మంచి కణమునకు భయము లేదు, బి.ఆర్.సి.ఏ. లేఖరి వచ్చి సరిచేయును. కణితి కణమునకు ఆ లేఖరి లేడు, అది చచ్చును. రెండు ద్వారముల యింటిలో ఒకటి మూసిన నష్టము లేదు. ఒక ద్వారము ముందే మూతబడిన యింటిలో రెండవదానిని మూసినచో లోనివాడు చిక్కుకొనును. లోపముగల స్త్రీ దేహమందలి తక్కిన కణములకు ఒక మంచి ప్రతి యింకను ఉన్నది గనుక అవి చాలవఱకు బ్రదుకును. ఈ యుపాయమును 2005లో రెండు పరిశోధక బృందములు ప్రకటించెను. ఓలాపరిబ్ అను ఇట్టి మాత్ర అమెరికాలో 2014లో అండాశయ క్యాన్సరునకును, 2018లో రొమ్ము క్యాన్సరునకును అనుమతి పొందినది.

అయినను ఇది సర్వరోగ నివారిణి కాదు. కొన్ని కణితులలో రెండవ యుత్పరివర్తనము సంభవించి, చెడిన వాక్యము మఱల చదువదగినట్లగును; లేఖరి తిరిగి వచ్చును; మందు పనిచేయుట మానును. అందుచే మందుకంటె ముందుజాగ్రత్తయే మేలు.

7. బాలికకు ఉత్తరము

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వచ్చెదను. "నా పుట్టింట లేదు గనుక నీకు భయము లేదు" అని తల్లి ప్రేమతో పలికినది. గాని ఆ మాట సరికాదు. ఈ జన్యువులు పదునేడవ, పదమూడవ క్రోమోసోములపై నున్నవి. అవి స్త్రీకిని పురుషునకును సమానముగా నుండును. నాయనమ్మకు లోపమున్నచో అది మేనత్తకు వచ్చినట్లే తండ్రికిని వచ్చి యుండవచ్చును. తండ్రికి వ్యాధి రాకపోవచ్చును. అందుచే రోగము ఒక తరమును దాటి పోయినట్లు కనబడును. నిజమునకు అది నోరెత్తని పురుషునిలో నిలిచియున్నది. లోపముగల తండ్రియైనను తల్లియైనను, ఒక్కొక్క బిడ్డకు అది చేరుటకు రెండింట ఒక పాలు అవకాశము. చేరని బిడ్డ దానిని తన సంతానమునకు ఇయ్యజాలదు.

చేరిన స్త్రీకి ప్రమాదమెంత? ఎక్కువగా పాశ్చాత్య కుటుంబములపై జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, ఎనుబది యేండ్ల వయసునకు రొమ్ము క్యాన్సరు వచ్చువారు మొదటి జన్యులోపమున నూటికి సుమారు డెబ్బదిరెండుగురు, రెండవదానిలో అఱువదితొమ్మండుగురు; అండాశయ క్యాన్సరు నూటికి నలుబదినలుగురు, పదునేడుగురు. పురుషులకును రెండవ లోపముచే రొమ్ము క్యాన్సరు, ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు వచ్చు అవకాశము హెచ్చును.

మఱియొక మాట మన తెలుగిండ్లకు ముఖ్యము. మేనత్త కొడుకునే వరునిగా నిశ్చయించు ఆచారము మనలో కలదు. రొమ్ము క్యాన్సరు గల మేనత్త కొడుకునకును, ఈ బాలికకును, ఒకే నాయనమ్మ లోపము చేరియుండవచ్చును. ఇరువురకును బి.ఆర్.సి.ఏ. 2 లోపమున్నచో ఒక్కొక్క బిడ్డకు రెండు ప్రతులును చెడుటకు నాల్గింట ఒక పాలు అవకాశము. అట్టి బిడ్డకు ఫాంకోని రక్తహీనత అను కఠినవ్యాధి కలుగునని 2002లో తేలినది; ఎముకలలోని మూలుగు రక్తమును చేయజాలదు, బాల్యముననే క్యాన్సర్లు వచ్చును. కావున సంబంధము నిశ్చయింపకమునుపు పరీక్ష చేయించుట అవమానము కాదు, వివేకము.

తండ్రి "బయట చెప్పవద్దు" అనుటకు కారణము నాకు తెలియును. ఆడపిల్ల పెండ్లి చెడునేమోయని ఆయన వెఱపు. ఆ వెఱపును నేను నిందింపను. ఊరందఱికి చెప్పవలెనని నేననుట లేదు, రక్తసంబంధులకు చెప్పుడనుచున్నాను. మేనత్త దాచినచో ఆమె చెల్లెండ్రకు ఎవరు చెప్పుదురు? అన్నదమ్ముల కుమార్తెల కెవరు చెప్పుదురు? గౌరవమును కాపాడునని తలచిన మౌనము మఱియొక ప్రాణమును తీయవచ్చును.

8. చేయవలసినది

మొదట పరీక్షింపవలసినది వ్యాధి వచ్చినవారి రక్తమును. వారిలో లోపము దొరకినచో పెద్దలగు బంధువులు అదే లోపమునకై పరీక్ష చేయించుకొనవచ్చును. పిల్లలకు ఈ పరీక్ష చేయరు. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట తమ యిష్టముతో చేయించుకొందురు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియు, నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో వైద్య జన్యుశాస్త్ర విభాగమును ఉన్నవి.

లోపమున్నదని తేలిన స్త్రీకి చేయదగిన దెంతయో కలదు. ఇరువదియయిదేండ్ల ప్రాంతమునుండి ఏటేట ఎం.ఆర్.ఐ. పరీక్షయు, ముప్పదినుండి మామోగ్రామును చేయుదురు. కొందఱు సంతానము కలిగిన పిమ్మట అండాశయములను, అండనాళములను ముందే తీయించుకొందురు. రొమ్ములను ముందే తీయించుకొన్నచో రొమ్ము క్యాన్సరు భయము నూటికి తొంబదిపాళ్లు తగ్గును. ఇది ఆమె తన వైద్యునితో ఆలోచించి తానే నిర్ణయించుకొనవలసినది. వంశమున రోగమున్నను లేకున్నను ప్రతి స్త్రీయు రొమ్మునందు గడ్డ, చర్మము లోనికి పీకుట, చనుమొన లోనికి పోవుట, నెత్తుటి స్రావము కనబడినచో నొప్పి లేదని ఉపేక్షింపక వైద్యుని చూడవలెను. తొలిదశలోని గడ్డ తఱచుగా నొప్పియే కలిగింపదు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీకొక పని. ఒక కాగితముపై మీ వంశవృక్షమును గీయుడు. తల్లివైపును తండ్రివైపును మూడు తరములు వ్రాయుడు. అమ్మమ్మను, నాయనమ్మను ప్రక్కన కూర్చుండి అడుగుడు: ఎవరికి ఏ వ్యాధి వచ్చినది, ఎన్నవ యేట వచ్చినది. పురుషులను విడువవద్దు. ఆ కాగితమును నాకు చూపనక్కఱలేదు. ఇంటిలో పెట్టెలో భద్రపఱచి, వైద్యుని యొద్దకు పోవునప్పుడు వెంట గొనిపొండు.

ప్రశ్న యడిగిన బాలికకు నేను చెప్పునది ఇంతే: అమ్మా, నీ మేనత్త రోగము శాపము కాదు, దోషము కాదు, ఎవరి తప్పును కాదు. మొదట మేనత్తగారి రక్తమును పరీక్షింపజేయుడని మీ నాన్నగారితో చెప్పుము. లోపము దొరకినచో తరువాతి వంతు మీ నాన్నగారిది. నీ వంతు వచ్చునో రాదో అప్పుడు తెలియును. అంతవఱకు నిశ్చింతగా చదువుకొనుము.

అభ్యాసము

1. వంశముననుండి వచ్చునది క్యాన్సరు కాదనుటకు కారణమేమి?
2. లోపముగల తండ్రికి నలుగురు బిడ్డలున్నచో ఇరువురకే లోపము చేరునని నిశ్చయముగా చెప్పవచ్చునా? ఏల?
3. పార్ప్‌ను అడ్డు మందు కణితి కణమును చంపి, మంచి కణమును చాలవఱకు విడుచుట యెట్లు?
4. మేనరికము నిశ్చయింపకమునుపు రక్తపరీక్ష ఏ యిండ్లలో ముఖ్యము?